ఆ కుందేటికి ఎన్ని కాళ్ళు?

మా ఇంట్లో సినిమా చూడడమంటే ఒక తంతు. మా ఆవిడ వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టి, వక్కపొడి డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంటే గాని బొమ్మ మొదలు కాకూడదు. బొమ్మ నడుస్తున్నంతసేపూ ఎవ్వరూ మాట్లాడకూడదు. ఆవిడ మాత్రం మాట్లాడవచ్చు. ఈ ఏర్పాటు నలభై ఏళ్ళుగా నిరాటంకంగా సాగుతున్నది. అలాంటి మా ఇంట్లో, పోయిన దసరాకు ముందు ఒకనాటి రాత్రి, మా మనవడు తన గదిలోంచి తనంతట తాను బయటికి వచ్చి, "తాతయ్యా, ఒక సినిమా వుంది. అందరం కలిసి చూద్దామా?" అన్నాడు.

తనంతట తాను అన్నమాట ఊరికే వ్రాయలేదు. కుర్రవాడికి పదిహేడేళ్ళు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. మొదటి సంవత్సరమంతా హాస్టల్లో వుండి చదివాడు. ఏ కాలేజీ అన్నది ఇప్పుడు అనవసరం. వేసవి దాటాక ఒకనాడు రెండు సంచులతో ఇంటికి వచ్చి, మళ్ళీ వెళ్ళనన్నాడు. నిద్రపోడు. తెల్లవారుజామున డాబా మీద పచార్లు చేస్తూ వుంటాడు. డాక్టరుగారు మందు వ్రాసి ఇచ్చి, "ఓపిక పట్టండి, కాస్త మాట్లాడిస్తూ వుండండి" అన్నారు. మాట్లాడించడం ఎలాగో మాత్రం చీటీ మీద వ్రాయలేదు. ఇంటిల్లిపాదీ వాడి గది ముందు నుంచి మునివేళ్ళ మీద నడుస్తున్న రోజులవి.

అందుచేత వాడు నోరు తెరిచి అడగగానే అందరం వచ్చి కూర్చున్నాం. బొమ్మ పేరు 'డానీ డార్కో'. 2001లో అమెరికాలో వచ్చింది. మొదటి పావుగంటలోనే మనిషంత ఎత్తు కుందేలొకటి, పుర్రెలాంటి మొహంతో చీకట్లో నిలబడి, ఇక ఇరవై ఎనిమిది రోజుల్లో లోకం ముగిసిపోతుందని ఒక కుర్రవాడితో చెప్పింది. "ఇదేం దిష్టిబొమ్మరా నాయనా!" అని మా ఆవిడ లేచి పడుకోవడానికి వెళ్ళిపోయింది. మా అబ్బాయి కుర్చీలోనే కునుకు తీశాడు. కోడలు చివరిదాకా కూర్చున్నది గాని, చూసినంతసేపూ కొడుకు మొహమే చూసింది, బొమ్మ చూడలేదు. నేనొక్కణ్ణే పట్టుదలగా ఆఖరి పేరు తెర మీద వెళ్ళిపోయేదాకా చూశాను.

"ఎలా వుంది తాతయ్యా?" అన్నాడు వాడు.

"ఏముందిరా! ఒక పిచ్చికుర్రాడి గొడవ. తలా లేదు, తోకా లేదు" అన్నాను.

వాడు తిరిగి ఏమీ అనలేదు. లాప్‌టాప్ మూసి, "సరేలే" అని గదిలోకి వెళ్ళాడు. గడియ పడిన చప్పుడు నాకు బాగా వినిపించింది. మా కోడలు నావంక చూసిన చూపు కూడా బాగానే అర్థమైంది.

నాకొక దురలవాటు వుంది. నేనన్న మాట నలుగురికీ నచ్చకపోతే, అదే మాట అన్న పెద్దమనుషులు మరెక్కడైనా వున్నారా అని వెతుకుతాను. మర్నాటి నుంచీ అదే పని పెట్టుకున్నాను. ఈ బొమ్మ గురించి అమెరికాలోనూ ఇంగ్లండులోనూ విమర్శకులు ఏమన్నారో దొరికినంత చదివాను. నా పక్షం వాళ్ళు బోలెడుమంది దొరికారు. రెండు రోజులు సంతోషంగానే గడిచింది. మూడోనాటి నుంచి ఆ సంతోషం తగ్గుతూ వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు కథ చెప్పాలి. చివర ఏమవుతుందో కూడా చెప్పేస్తాను. చూడదలచినవారు ఒక పేరా వదిలేసి చదువుకోవచ్చు.

కాలం 1988 అక్టోబరు. బుష్, డుకాకిస్ అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న రోజులు. వర్జీనియా రాష్ట్రంలో మిడిల్‌సెక్స్ అనే ఒక కల్పిత వూరు. డానీ హైస్కూలు విద్యార్థి. తెలివైనవాడు, నిద్రలో నడిచేవాడు, మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళి మందులు పుచ్చుకుంటున్నవాడు. ఒక రాత్రి ఆ కుందేలు పిలిస్తే లేచి బయటికి వెళతాడు. తెల్లవారి తిరిగివచ్చేసరికి ఆకాశంలోంచి విమానం ఇంజనొకటి ఊడి, సరిగ్గా వాడి పడకగది మీద పడి వుంటుంది. నిద్రలో నడిచే జబ్బే వాడి ప్రాణం కాపాడిందన్నమాట. చిత్రమేమిటంటే, ఇంజను పోగొట్టుకున్న విమానం ఎక్కడా లేదు! అక్కణ్ణుంచి ఇరవై ఎనిమిది రోజుల పాటు వింతలు. బడిలో నీళ్ళ గొట్టం పగిలి వరద వస్తుంది. ఊరందరూ ధర్మాత్ముడని కొలిచే ఒక ఉపన్యాసకుడి ఇల్లు కాలిపోయి, లోపలి రంకు బయటపడుతుంది. వాడు ప్రేమించిన గ్రెచెన్ అనే పిల్ల చనిపోతుంది. చివర కాలం వెనక్కి తిరిగి, మళ్ళీ ఆ మొదటి రాత్రే వస్తుంది. ఈసారి డానీ గదిలోనే వుంటాడు. నవ్వుతూ పడుకుంటాడు. ఇంజను పడుతుంది. ఆ ఇంజను, నెల రోజుల తరువాత వాడి తల్లీ చెల్లెలూ ఎక్కి వస్తున్న విమానానిదే!

ఇప్పుడు మీరే చెప్పండి, నా తీర్పులో తప్పేముంది?

దీన్ని తీసినవాడు రిచర్డ్ కెల్లీ. 1975లో పుట్టాడు. బొమ్మ తీసేనాటికి పాతికేళ్ళు. అంతకుముందు పెద్ద చిత్రం ఒక్కటీ తీసివుండలేదు. విమానం రెక్క మీది మంచుగడ్డ ఊడి ఒక ఇంటి మీద పడిందని ఎప్పుడో విన్న కబురు నుంచి కథ పుట్టిందని తరువాత తనే చెప్పుకున్నాడు. వ్రాతప్రతి అందరికీ నచ్చింది. దర్శకత్వం మాత్రం నీకివ్వం అన్నారు. నాకివ్వకపోతే కథే ఇవ్వనన్నాడు. చివరికి నటి డ్రూ బారీమోర్ తన సొంత సంస్థ తరఫున అండగా నిలబడి, తానే ఒక పంతులమ్మ వేషం కూడా వేసింది. ఖర్చు 45 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. చిత్రీకరణ ఇరవై ఎనిమిది రోజులు. కుందేలు పెట్టిన గడువూ అంతే! డానీగా వేసిన జేక్ జిలెన్‌హాల్‌కు అప్పటికి ఇరవై నిండలేదు. కథలో వాడి అక్కగా వేసిన మ్యాగీ అతని సొంత అక్కే. భోజనాల బల్ల దగ్గర ఆ అక్కాతమ్ముళ్ళు తిట్టుకునే తీరు చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

2001 జనవరిలో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు. స్వతంత్రంగా, పెద్ద స్టూడియోల అండ లేకుండా తీసిన బొమ్మలకు అది పెద్ద సంత. ఈ బొమ్మ మీద అప్పటికే ఆశలు బాగా వున్నాయి. చూశాక మాత్రం కొనేవాళ్ళు తటపటాయించారు. ఇది బడిపిల్లల కథా, భయపెట్టే కథా, సైన్సు కథా, మతిచలించినవాడి కథా? ఏ అలమరలో పెట్టి అమ్మాలి? కిరాణాకొట్టులో సరుకు ఎంత మంచిదైనా ఏ డబ్బాలో పోయాలో తెలియకపోతే కొట్టువాడు కొనడు. థియేటర్ల మొహమే చూడకుండా నేరుగా టెలివిజన్‌కు పోయే పరిస్థితి వచ్చింది. ఆఖరికి న్యూమార్కెట్ అనే చిన్న పంపిణీ సంస్థ తీసుకున్నది. అప్పట్లో ఆ సంస్థవారే విడుదల చేసిన 'మెమెంటో' దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ ఈ బొమ్మ చూసి, థియేటర్లలో వేయమని నచ్చచెప్పాడంటారు.

విడుదల 2001 అక్టోబరు 26న. ఈ తేదీ ఒక్కసారి ఆలోచించండి. న్యూయార్కులో విమానాలు వచ్చి జంట భవనాలను కూల్చింది సెప్టెంబరు 11న. ఆరున్నర వారాలు కూడా కాలేదు. ఆకాశంలోంచి విమానం ముక్క ఇంటిమీద పడే కథను అప్పుడెవరు చూస్తారు? 58 థియేటర్లలో వేస్తే, మొదటి వారాంతానికి వసూలైనది దాదాపు లక్షా పదివేల డాలర్లు. 2002 ఏప్రిల్లో తీసేసేనాటికి మొత్తం 5 లక్షల 17 వేలు. పెట్టిన ఖర్చులో ఎనిమిదో వంతు కూడా రాలేదు.

ఇక విమర్శకుల సంగతి. షికాగో సన్ టైమ్స్‌లో వ్రాసే రోజర్ ఈబర్ట్ మాటంటే ఆ దేశంలో ఇంటింటా చెల్లుబాటు. 2013లో పోయాడు. ఆయన నాలుగు నక్షత్రాల కొలతలో దీనికి రెండున్నర వేశాడు. మొదలూ నడకా బాగున్నాయి గాని, ముగింపు ఆ మేరకు లేదన్నాడు. గాలానికి చిక్కి ఒడ్డుకు రాకుండా జారిపోయిన చేపతో పోల్చి, లాగినంతసేపూ సరదాగానే వుందని కూడా ఒప్పుకున్నాడు. చదవగానే ఆయన చెయ్యి పట్టుకుని కరచాలనం చెయ్యాలనిపించింది నాకు. నా 'తలా తోకా లేదు' కంటే ఎంత మర్యాదగా చెప్పాడు!

తక్కిన చాలామంది కూడా ఈ దారిలోనే వున్నారు. కుర్రవాడు ఒకే మూటలో నాలుగైదు బొమ్మలు కట్టేశాడని కొందరు. డేవిడ్ లించ్ చిత్రాల నీడ పడిందని కొందరు. ఎత్తుకున్నంత బరువు మోయలేకపోయాడని మరికొందరు. నటులను మెచ్చుకోనివాడు మాత్రం అరుదు.

ఇంతలో, సరిగ్గా ఆ రోజుల్లోనే, న్యూయార్కులో విలేజ్ వాయిస్ అనే వారపత్రికలో జె. హోబర్మన్ అనే విమర్శకుడు వ్రాసినది కంటబడింది. ఆ ఏడు తాను చూసిన అమెరికా స్వతంత్ర చిత్రాలలో ఇంత కొత్తదీ, ఇంత సాహసమైనదీ మరొకటి లేదన్నాడు. అంతటితో ఆగలేదు. సెప్టెంబరు 11 తరువాత తక్కిన బొమ్మలన్నీ వట్టి తేలికగా కనబడుతూంటే, ఇది మాత్రం గుండె పిండుతూనే, ఏ కారణం చేతనో ఓదార్చినట్టుంది అన్నాడు.

ఈ మాట దగ్గర ఆగిపోయాను. నిజానికి ఆ రోజు మరేమీ చదవలేకపోయాను. ఏ విమానం ముక్క పేరు చెప్పి అందరూ ఆ బొమ్మకు దూరమయ్యారో, ఆ విమానం ముక్కలోనే ఇతగాడు ఓదార్పు చూశాడు. అదీ ఆ భవనాలు కూలిన వూళ్ళో కూర్చుని. షికాగోలో వున్నాయనకు అది జారిపోయిన చేప. ఎవరు పట్టిన కుందేటికి వారికి మూడే కాళ్ళని మనం నవ్వుకుంటాం గాని, ఇద్దరూ చూసింది ఒకే కుందేలు. మరి మా ఇంట్లో చూసినవాళ్ళం ఐదుగురం. అందులో ఒకడు పదిహేడేళ్ళవాడు, నిద్ర లేనివాడు. వాడేమి చూశాడో నేను అడిగిందేదీ!

సరే, గొడవ అసలెక్కడుంది అని ఆలోచించాను. ఇది ఒక రకంగా డిటెక్టివ్ కథ. ఇంజను ఎక్కడిది? కుందేలు ఎవరు? గడువు దాటితే ఏమవుతుంది? డిటెక్టివ్ కథకు పాఠకుడితో ఒక ఒప్పందం వుంటుంది. ముడి వేసినవాడే విప్పాలి. వారం వారం సీరియల్ చదివేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. అడుగున 'సశేషం' అని వుంటే తిట్టుకుంటూనే వారం రోజులు ఆగుతాం. ఎందుకంటే వచ్చే సంచికలో అప్పు తీరుస్తారని నమ్మకం. ఆఖరి వాయిదాలో కూడా హంతకుడెవరో చెప్పకుండా 'సమాప్తం' అని వేస్తే ఎడిటరుగారికి ఉత్తరాలు బస్తాలకెత్తవలసి వస్తుంది. కెల్లీ చేసింది సరిగ్గా అదే. 'సశేషం' దగ్గర బొమ్మ ఆపి, దీపాలు వేసేశాడు.

అయితే ఇందులో ఇంకో మెలిక వుంది. మొదట చూసినప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. కుందేలు నిజమా, లేక కుర్రవాడి జబ్బా అన్నది ఆ బొమ్మ ఎక్కడా తేల్చదు. డాక్టరమ్మ చెప్పింది వింటే జబ్బే. ఇంజను చూస్తే నిజమే. రెండింటికీ సాక్ష్యం సమానంగా పెట్టి, త్రాసు ముల్లు నడిమధ్య నిలబెట్టాడు. విమర్శకులలో కొందరికి ఆ ముల్లు కదలకపోవడమే చిరాకు. కొందరికి అదే ప్రాణం. నేనేమో రెండో ఆలోచన లేకుండా ముల్లు ఒక పక్కకు తోసి, "పిచ్చికుర్రాడి గొడవ" అన్నాను. అదీ ఎవరి ముందర!

బొమ్మలోనే ఒక ఘట్టం వుంది. ఒక పంతులమ్మ, ఆ ఉపన్యాసకుడి పాఠం తెచ్చి, బల్ల మీద ఒక గీత గీస్తుంది. ఒక కొసన భయం, ఒక కొసన ప్రేమ. లోకంలో ఏ పనైనా ఈ గీత మీద ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టమంటుంది. డానీ ఎదురు తిరుగుతాడు. మనిషి మనసులో ఇంకా చాలా వుంటాయి, అన్నిటినీ తెచ్చి రెండు కొసలకు కట్టలేమంటాడు. పాపం, తిట్లు తిని వస్తాడు. ఈ ఘట్టం చూసి నవ్వుకుని, తరువాత ఇంటికి వెళ్ళి రెండున్నర నక్షత్రాలని గుర్తు పెట్టినవారికి ఆ గీత జ్ఞాపకం వచ్చిందో లేదో! నక్షత్రాలంటే గుర్తొచ్చింది, మా మనవడి హాస్టల్లో ప్రతి వారం గోడమీద ర్యాంకుల పట్టిక అంటించేవారట. అందులో వాడు ఎక్కడుండేవాడో ఒకప్పుడు ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. నాకు మరీను.

బొమ్మ థియేటర్లలో చచ్చిపోయిందన్నాను గదా. పూర్తిగా చావలేదు. న్యూయార్కులో ఈస్ట్ విలేజ్ పేటలో పయనీర్ అనే చిన్న హాలు వుండేది. అక్కడ అర్ధరాత్రి ఆటగా వేయడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళు ఆడిందనుకున్నారు? ఇరవై ఎనిమిది నెలలు! మళ్ళీ ఆ అంకే. వచ్చేవాళ్ళంతా కుర్రకారు, చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూశారు. 2002లో డి.వి.డి. వచ్చాక ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పాకింది. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో విడుదలైతే, అమెరికాలో మొదట వచ్చినదాని కంటే అక్కడే ఎక్కువ వసూలైంది. బొమ్మ చివర వచ్చే పాట ఒకటుంది, 'మ్యాడ్ వరల్డ్' అని; టియర్స్ ఫర్ ఫియర్స్ అనే బృందం 1982లో హుషారుగా పాడినదాన్ని గ్యారీ జూల్స్ అనే గాయకుడు పియానో పక్కన నిలబెట్టి నిదానంగా, దాదాపు గొణిగినట్టు పాడాడు. 2003 క్రిస్మస్‌కు ఇంగ్లండులో అమ్మకాలలో అదే మొదటి స్థానం. పండుగపూట ఇంత దిగులు పాటను నెత్తిన పెట్టుకున్న జనాన్ని ఏమనాలో నాకు తెలియదు.

కుర్రకారు ఇలా మెడలు వంచేసరికి పంపిణీదారులకు జ్ఞానోదయమైంది. 2004లో కెల్లీని పిలిచి, నీ ఇష్టం వచ్చినట్టు మళ్ళీ కూర్చుకోమన్నారు. మేలో సియాటిల్ ఉత్సవంలో చూపించి, జులైలో విడుదల చేశారు. ఇరవై నిమిషాలు పెరిగింది. పాటలు అటూ ఇటూ మారాయి. అన్నిటికన్నా ముఖ్యం, ముడి విప్పే తాళపుచెవి వచ్చింది. కథలో వంద దాటిన ఒక ముసలమ్మ ఎప్పుడో కాలప్రయాణం గురించి ఒక పుస్తకం వ్రాసి వుంటుంది. పాత బొమ్మలో ఆ పుస్తకం చేతులు మారుతుంది గాని, లోపల ఏముందో మనకు కనబడదు. కొత్తదానిలో పేజీలు తీసి తెర నిండా చూపించాడు. అసలు లోకం పక్కన నకలు లోకమొకటి పుట్టడం, దాన్ని సరిచెయ్యడానికి ఒక మనిషి నియమితుడు కావడం, అన్నీ శాస్త్రంలో వ్రాసినట్టు వున్నాయి. డాక్టరమ్మ కూడా ఒక మాట చెబుతుంది: ఇన్నాళ్ళూ నీకిచ్చినవి మందులు కావు, ఉత్త గుళికలని. అంటే త్రాసు ముల్లు కదిలింది. కుర్రవాడికి జబ్బు లేదు. కుందేలు నిజం.

ఇప్పుడు చూడండి తమాషా. వివరం చెప్పలేదని అలిగినవాళ్ళు సంతోషించాలి, బొమ్మను నెత్తిన పెట్టుకున్నవాళ్ళు మరీ సంతోషించాలి గదా? అలా జరగలేదు. అర్ధరాత్రి ఆటలకు పరుగెత్తినవాళ్ళలో చాలామంది మొహం చిట్లించారు. మాకు పాతదే కావాలన్నారు. ఇన్నాళ్ళూ తలా ఒక అర్థం చెప్పుకుంటూ రాత్రులు గడిపినవాళ్ళకు, మాస్టారు వచ్చి జవాబు బోర్డు మీద వ్రాసిపోయినట్టయింది. విమర్శకులలోనూ ఎక్కువమంది మొదటి కూర్పే మేలన్నారు. ఈనాటికీ ఆ మాట అనేవారే ఎక్కువ.

ఈబర్ట్ ఏం చేశాడు? మళ్ళీ చూసి, మళ్ళీ వ్రాశాడు. అర నక్షత్రం పెంచి మూడు వేశాడు. అయితే వివరం దొరికిందని కాదు సుమండీ! ముడి విడలేదనే చెప్పాడు. విడకపోవడమే ఇప్పుడు తనకు నచ్చిందన్నాడు. అసలు దీన్ని ముగించాలంటే ఎలా ముగిస్తారు, ఆ కుందేలు తలకాయ ఊడదీసి లోపలినుంచి డ్రూ బారీమోర్ బయటికి వచ్చి అంతా పూసగుచ్చినట్టు ఉపన్యాసం చెబుతుందా అని హాస్యమాడాడు. మూడేళ్ళ కింద చేప జారిపోయిందని చింతించినవాడే, జారిపోవడమే బాగుందన్నాడు. పేరుప్రతిష్ఠలున్న విమర్శకుడు అచ్చులో తన మాట తాను మార్చుకోవడం తేలిక పని కాదు. ఆయన మీద నాకు గౌరవం ఎక్కువైంది. ఆయన చెయ్యి వదిలి నేనొక్కణ్ణే పాత తీర్పు పట్టుకుని మిగిలిపోయానన్న బెంగ కూడా కలిగింది.

నా మట్టుకు నేను రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తదానిలో కొన్ని ఇంటి ఘట్టాలు, ముఖ్యంగా తండ్రీ కొడుకుల మాటలు చాలా బాగున్నాయి. అవి పాతదానిలో లేకపోవడం లోటే. కాని ఆ పుస్తకం పేజీలు వచ్చినప్పుడల్లా కుర్రవాడు కనబడడం మానేశాడు, యంత్రం కనబడింది. కెల్లీకి తన యంత్రం మీద అంత మమకారం వుండడం సహజమే. అతని తరువాతి చిత్రం 'సౌత్‌లాండ్ టేల్స్' 2006లో కాన్ ఉత్సవంలో చీవాట్లు తిన్నది. అందులో యంత్రం ఇంకా పెద్దది. ఇక 2009లో అతని ప్రమేయం లేకుండా ఎవరో 'డానీ' చెల్లెలి కథ అంటూ రెండో భాగం తీశారు. దాని గురించి ఇంత కాగితం దండగ.

ఇదంతా చదివినవాణ్ణి, ఒక రాత్రి పదిన్నరకు వాడి గది తలుపు తట్టాను.

"ఆ సినిమా మళ్ళీ ఒకసారి పెడతావట్రా?" అన్నాను.

వాడు అనుమానంగా చూశాడు. "అర్థం కాలేదన్నావుగా?"

"అర్థం కాలేదనలేదురా. అంతకంటె చెడ్డమాట అన్నాను" అన్నాను.

కాసేపు నిలబడి, దుప్పటి పక్కకు లాగి చోటిచ్చాడు. పాత కూర్పే పెట్టాడు. ఈసారి నేను ఇంజను గురించి ఆలోచించలేదు. ఆ తల్లి వుందే, మేరీ మెక్‌డానెల్ వేసింది, ఆవిడ్ని చూశాను. కొడుకు మంచం మీద పడుకుని, తనలాంటి తిక్కవాణ్ణి కన్నందుకు ఎలా వుందని అడుగుతాడు. చాలా బాగుందంటుంది. అంతే. నటనలో ఒక్క చుక్క కన్నీరు లేదు. అక్కడ మా వాడు బొమ్మ ఆపి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నడిపించాడు.

మధ్యలో నాకున్న భయం అడిగేశాను. కొత్త కూర్పులో మందులు ఉత్త గుళికలని చెప్పించాడు గదా, దాన్ని పట్టుకుని వీడెక్కడ మందు మానేస్తాడో అని.

వాడు పడీపడీ నవ్వాడు. వేసవి తరువాత అదే వినడం. "అది సినిమా తాతయ్యా. నా మాత్ర నేను వేసుకుంటున్నాను. అయినా అందుకే నాకు ఆ కూర్పు నచ్చదు" అన్నాడు.

"ఎందుకని?"

"వాడికి జబ్బు లేదనేస్తే వాడు హీరో అయిపోతాడు. జబ్బున్నవాడు కూడా కావచ్చుగా" అన్నాడు.

అన్ని పత్రికలు చదివాను గదా, ఈ మాట నాకు ఎక్కడా తగల్లేదు.

బొమ్మ ఆఖరికి వచ్చేసరికి, మంచినీళ్ళ చెంబు కోసం లేచిన మా ఆవిడ వెలుగు చూసి తలుపు దగ్గరికి వచ్చింది. "మళ్ళీ ఆ దిష్టిబొమ్మేనా?" అంటూనే గడప మీద నిలబడింది. తెర మీద తెల్లవారింది. డానీ ఇంటిముందు జనం మూగి వున్నారు. గ్రెచెన్ సైకిలు మీద అటుగా వచ్చి ఆగింది. కాలం వెనక్కి తిరిగింది గనుక ఆ పిల్లకు ఇప్పుడు డానీ ఎవరో తెలియదు. అల్లంత దూరంలో ఆ తల్లి చెట్టు దగ్గర నిలబడి వుంది. పిల్ల చెయ్యి ఊపింది. తల్లీ చెయ్యి ఊపింది.

"ఆవిడకా పిల్ల తెలుసా?" అని అడిగింది మా ఆవిడ.

"తెలియదు నానమ్మా" అన్నాడు మనవడు.

"మరి చెయ్యెందుకు ఊపింది?"

వాడూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. "నువ్వు మొదటినుంచీ చూస్తే చెబుతాను" అన్నాడు వాడు.

"ఇప్పుడా? పన్నెండున్నరైంది!" అన్నది. అని, చెంబు కింద పెట్టి, వక్కపొడి డబ్బా కోసం వెళ్ళింది.